ఒంగోలులో కొన్న ఆడియో బైబిల్ స్పీకర్
ఒంగోలులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో అమ్మ కోసం కొన్నాను, చదివే గొంతు చాలా స్పష్టంగా ఉంది, ఎక్కడా తొందర లేదు. అపొస్తలుల కార్యములు వరసగా వింటుంటే 9వ అధ్యాయంలో దమస్కు ఊరికి వెళ్లే దారిలో యేసు పౌలుతో మాట్లాడినప్పుడు అతనితో వెళ్లినవాళ్లు ఆ స్వరం విన్నారని, 22లో వినలేదని వస్తుంది, దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నా మటుకు నాకు యోహాను 12:29 దారి చూపింది. ఆకాశం నుంచి స్వరం వస్తే అక్కడున్న జనం ఉరిమిందన్నారు, అంటే శబ్దం చెవిన పడినా మాట అందలేదు. దమస్కు దారిలోనూ అలాగే జరిగిందని నమ్ముతున్నాను. అధ్యాయం నంబరు నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది, ఇలా పోల్చి వినేవాళ్లకు అదే పెద్ద సాయం. వచనం దగ్గరికి వెళ్లే బటన్ మాత్రం లేదు. ఛార్జింగ్ త్వరగా అయిపోతోంది, రాత్రి ప్రార్థనకు ముందే పెట్టుకోవాలి.