మేయరు మాట గడప దాకా చేరాలంటే: మైకు ఆటోనా, వాట్సాప్ వీడియోనా, ఫోను మెసేజా?

1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర కొట్టిన తుఫాను, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళు ఈ మూడింటినీ చూశారు, మూడూ అక్టోబరులోనే. కాబట్టి బరంపురంలాంటి నగరంలో మేయరు కార్యాలయం జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది సెప్టెంబరులోనే తేల్చుకోవాల్సిన పని.

ఏ పద్ధతి మేలో తూచడానికి ఒకే కొలత పెట్టుకోవచ్చు. ఆ మాట విన్న ఆవిడ పక్కింటావిడకి అదే మాటని, అదే టైముతో, తప్పు లేకుండా తిరిగి చెప్పగలదా? ఏ సాధనం వాడినా చివరి పదిళ్ళకి మాట చేరేది నోటి మీదుగానే. తిరిగి చెప్పలేని ప్రకటనని ఎన్ని ఫోన్లకి పంపినా సగం దారిలోనే ఆగిపోతుంది.

భాష సంగతి ముందు చూడాలి, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పిల్లల చదువు ఒడియాలో. గోపాలపూర్ నుంచి ఆంధ్రా సరిహద్దు దాకా ఉన్న మత్స్యకార పల్లెల్లో పెద్దవాళ్ళు ఒడియా మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. మనవలు ఒడియా గడగడా చదువుతారు, తెలుగు అక్షరాలు పోల్చలేరు. అంటే తెలుగు లిపిలో రాసి పంపితే పిల్లలకి అందదు, ఒడియాలో పంపితే ముసలివాళ్ళకి అందదు. అందుకే ఇక్కడ రాత కంటే గొంతు మేలు. రాతే పంపాల్సి వస్తే తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసి పంపడం పనికొచ్చే ఉపాయం: మనవడు చదివి వినిపిస్తాడు, నాయనమ్మకి అర్థమవుతుంది.

ఇక మాటల ఎంపిక. సాధారణంగా వెళ్ళే ప్రకటన ఇలా ఉంటుంది: "బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర తుఫాను రేపు తీరం దాటనున్న దృష్ట్యా లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండి సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలసిందిగా మనవి." ఇందులో చేయాల్సిన పని ఒక్కటీ తేలదు. ఎవరు లోతట్టు? సురక్షిత ప్రాంతం ఎక్కడ? ఎప్పటిలోగా? అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "తీరం దాటడం". వాతావరణ శాఖ లెక్కలో తీరం దాటిందంటే తుఫాను నేల మీదికి వచ్చిందని అర్థం. మామూలు చెవికి అది దాటి పోయిందని, గండం గడిచిందని వినిపించవచ్చు. "తీరం దాటింది" అనగానే ఎవరైనా వాకిట్లోకి వస్తే అసలు గాలిలోకి వచ్చినట్టే.

అదే కబురు ఇలా చెప్పొచ్చు: "గురువారం పొద్దున్న 10 గంటలకి చెబుతున్నాం. రేపు రాత్రి పెద్ద గాలివాన. పూరిళ్ళు, రేకుల ఇళ్ళ వాళ్ళు రేపు మధ్యాహ్నం 2 గంటల లోపల స్కూలు బిల్డింగుకి వచ్చేయండి. మందులు, కాగితాలు, నీళ్ళు తెచ్చుకోండి. అన్నం అక్కడే పెడతారు. సాయంత్రం 5కి మళ్ళీ చెబుతాం." "స్కూలు బిల్డింగు" అన్నచోట ఆ వార్డు బడి పేరే రావాలి. "అన్నం అక్కడే పెడతారు" అన్న వాక్యాన్ని స్థలం చాలలేదని తీసేయకూడదు. పొయ్యి మీద కుండ వదిలి రాలేక ఆగేవాళ్ళు ఆ మాటకి కదులుతారు. వసతి ఉంటే "మేకలకీ చోటుంది" అని కూడా కలపాలి. పశువుల కోసం వెనక్కి పోయేవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లని మేయరు ప్రకటనలో చేర్చకపోవడం మంచిది. అవి ఓడలకి ఉద్దేశించినవి. ఎనిమిదో నంబరంటే తక్కువని, పదో నంబరంటే ఎక్కువని జనం బేరీజు వేసుకుంటారు. నిజానికి ఎనిమిది, తొమ్మిది, పది మూడూ మహా ప్రమాద సూచికలే. తుఫాను పోర్టుకి ఏ పక్కగా వస్తుందన్న దాన్ని బట్టి నంబరు మారుతుంది.

మైకు ఆటో

నగరంలో ఇప్పటికీ దీన్ని మించిన సాధనం లేదు, సరిగ్గా నడిపితే. బజారు చప్పుడులో ఆటో మీది హారన్ స్పీకరు మాట స్పష్టంగా వినబడేది ముందు 50 మీటర్లు, వెనక 50 మీటర్లు అనుకుందాం. ఆటో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతే ఒక ఇంటికి దాని గొంతు 18 సెకన్లే వినబడుతుంది, అంటే సగం ప్రకటన. 8 కిలోమీటర్లకి తగ్గిస్తే 45 సెకన్లు వస్తాయి. పైన రాసిన తెలుగు ప్రకటనకి 20 సెకన్లు, ఒడియాకి 20 సెకన్లు, మధ్యలో చిన్న విరామం. లెక్క సరిపోతుంది. డ్రైవరుకి చెప్పాల్సిన మొదటి మాట కాబట్టి "నడక కంటే కొంచెం ఎక్కువ, అంతే". కూడళ్ళలో, కొళాయిల దగ్గర, చేపల బజారులో ఆపి మూడుసార్లు వినిపించాలి.

12 వోల్టుల ఆంప్లిఫయరు 60 వాట్లది, 30 వాట్ల హారన్లు రెండు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఆటో బ్యాటరీ మీద నడిపితే బండి స్టార్టు కాక మధ్యలో నిలిచిపోతుంది. వేరే 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెడితే నాలుగైదు గంటలు వస్తుంది. సౌండు పూర్తిగా పెంచితే దూరం పోదు, గరగరలాడుతుంది, అంకెలు కలిసిపోయి రెండు గంటలో, పన్నెండు గంటలో తెలియదు. మూడొంతులు పెంచి ఆపాలి.

పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసి ఇవ్వడం మేలా, మనిషి చదవడం మేలా? రికార్డు చేస్తే 42 వార్డుల్లోనూ ఒకే మాట పోతుంది, అది పెద్ద లాభం. నష్టం ఏమిటంటే మధ్యాహ్నం కబురు మారినా ఏదో ఒక ఆటోలో పొద్దుటి మాటే తిరుగుతుంటుంది. అందుకే ప్రతి రికార్డూ వారం, గంట చెప్పి మొదలవ్వాలి. కొత్తది ఇచ్చేటప్పుడు పాత పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోవాలి. ఒడియా గొంతు, తెలుగు గొంతు వేర్వేరు మనుషులవైతే తన భాష ఎప్పుడు మొదలైందో చెవి ఇట్టే పట్టేస్తుంది.

టైము లెక్క కూడా వేసుకోవాలి. ఒక వార్డుకి ఆగి ఆగి రెండు గంటలు పడుతుందనుకుంటే పది ఆటోలకి 42 వార్డులు తిరగడం ఎనిమిది గంటలకి పైమాటే, అదీ ఒక్కసారికి. గాలి గట్టిపడ్డాక హారన్ మాట గాలికే పోతుంది, ఆటో బోల్తా పడే భయమూ ఉంటుంది. కాబట్టి తుఫాను వచ్చే గంటకి ముప్పై ఆరు గంటల ముందు మొదలుపెట్టి, ఆరేడు గంటల ముందు ఆటోలని వెనక్కి రప్పించాలి.

ఫోను మెసేజి

అందరికంటే ముందు చేరేది ఇదే. 2019 మే 3న ఫణి తుఫాను వచ్చినప్పుడు ఒడిశా ప్రభుత్వం సుమారు 26 లక్షల మెసేజిలు పంపింది, దాదాపు 12 లక్షల మందిని తరలించింది. కానీ ఆ మెసేజిలతో పాటు 43,000 మంది వలంటీర్లు కూడా పనిచేశారు. మెసేజి ఒక్కటే జనాన్ని కదిలించిందని అనుకోకూడదు.

చాలామంది మర్చిపోయే అంకె ఒకటుంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు, ఒడియా లిపుల్లో 70 మాత్రమే. అందులోనూ గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకి వస్తాయి. పెద్ద ప్రకటన నాలుగైదు ముక్కలుగా పోతుంది, నెట్‌వర్కు రద్దీలో ఒక్కో ముక్క ఒక్కోసారి చేరుతుంది. పాత బటన్ ఫోన్లలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. టవరు పరిధిలోని ఫోన్లన్నిటినీ ఒకేసారి పెద్దగా మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్‌కి నంబర్ల జాబితా అక్కర్లేదు, రాత్రివేళ నిద్రలేపడానికి అది మేలు. అయితే కరెంటు పోయాక టవర్లు కొన్ని గంటలు బ్యాటరీ మీద నడిచి ఆగిపోతాయి. గాలి మొదలయ్యాక ఏ కబురుకీ ఫోను మీద ఆధారపడకూడదు. అప్పటికి బ్యాటరీ రేడియోయే దిక్కు.

వాట్సాప్ వీడియో

మేయరు ముఖం కనబడటం పుకారుని అణచడానికి పనికొస్తుంది. "డ్యాము తెగిందట" అన్న మాట పాకినప్పుడు తెలిసిన ముఖం, తెలిసిన గొంతు కావాలి. అప్పుడు కూడా పుకారుని మళ్ళీ పలికి ఖండించకూడదు, వినేవాడికి అదే గుర్తుంటుంది. "సాయంత్రం 6 గంటలకి డ్యాము గట్టు బాగుంది, ఇంజనీరు అక్కడే ఉన్నాడు, 8కి మళ్ళీ చెబుతాం" అని ఉన్న నిజంతో మొదలుపెట్టాలి.

తరలింపు కబురుకి మాత్రం వీడియో నాసిరకం. మొదటి నిమిషం నమస్కారాలకే పోతుంది, ఫైలు బరువుకి సిగ్నల్ లేనిచోట తిరుగుతూనే ఉంటుంది, తేదీ లేని వీడియో మరుసటి ఏడాది తుఫానుకి మళ్ళీ బయటికొస్తుంది. పైగా చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజిని వాట్సాప్ 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ముప్పై సెకన్ల వాయిస్ మెసేజి, దాని కింద అవే మాటలు రాతలో: ఇదే తేలిగ్గా పాకుతుంది. రాసినదాన్ని బొమ్మగా కాకుండా అక్షరాలుగానే పంపితే ఫోను చదివి వినిపించగలదు కూడా. చెవుడున్నవాళ్ళకి మైకూ వాయిసూ రెండూ దండగే. న్యూయార్క్ మేయరు బ్లూమ్‌బర్గ్ 2012లో శాండీ తుఫాను సమావేశాల్లో సైగల భాష చెప్పే మనిషిని పక్కనే నిలబెట్టుకున్నారు. ఆ ఒక్క పనికైతే వీడియో తప్పనిసరి.

ముందే చెప్పడమా, ఖాయమయ్యాక చెప్పడమా?

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 2005 ఆగస్టు 27 సాయంత్రం మేయరు నాగిన్ ఊరు వదలమని సలహా ఇచ్చారు. తప్పనిసరి ఆజ్ఞ 28 పొద్దుటికి గానీ రాలేదు. 29 పొద్దున కత్రినా తుఫాను వచ్చేసింది. కారు లేనివాళ్ళకి ఆ ఒక్కరోజు చాలలేదు. న్యూయార్క్‌లో బ్లూమ్‌బర్గ్ కూడా 2012 అక్టోబరు 27న ఖాళీ చేయించడం లేదని చెప్పి, 28న సముద్రపు ఒడ్డు జోన్‌లోని సుమారు 3.75 లక్షల మందిని వెళ్ళమన్నారు. ఒకసారి "అక్కర్లేదు" అని విన్న చెవి మర్నాటి "వెళ్ళండి"ని తేలిగ్గా తీసుకుంటుంది. తేలకపోతే "ఇంకా తేలలేదు, ఫలానా గంటకి చెబుతాం" అనడం మేలు.

హ్యూస్టన్ కథ వేరు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మేయరు టర్నర్ ఇళ్ళలోనే ఉండమన్నారు. 2005లో రీటా తుఫానుకి భయపడి ఒక్కసారిగా బయల్దేరిన జనం రోడ్ల మీద చిక్కుకుని, ఆ ప్రయాణంలోనే ఎంతోమంది చనిపోయిన సంగతి ఆ నగరానికి గుర్తుంది.

మన దగ్గర ఈ రెండు దారులూ కావాలి, పక్కపక్కనే కావాలి. ఉప్పెన నీరు వచ్చే గోపాలపూర్ ఒడ్డు పల్లెలవాళ్ళు తప్పకుండా కదలాలి. సుమారు 15 కిలోమీటర్లు లోపలున్న బరంపురంలో పక్కా శ్లాబు ఇల్లున్నవాళ్ళు తలుపులేసుకుని లోపలే ఉండాలి. రెండిటికీ కలిపి ఒకే ప్రకటన ఇస్తే ఉండాల్సినవాళ్ళు రోడ్డెక్కుతారు, కదలాల్సినవాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. కాబట్టి ఒడ్డుకి ఒక రికార్డు, ఊరికి ఒక రికార్డు. తరలింపు ఆజ్ఞ జిల్లా కలెక్టరుది. మేయరు మాటలో గంట, చోటు కలెక్టరు చెప్పినవాటితో అక్షరాలా కలవాలి. ఒకరు మధ్యాహ్నం రెండు, ఇంకొకరు సాయంత్రం అంటే జనం ఆలస్యమైనదాన్నే ఎంచుకుంటారు.

ఒడ్డున 2018 నుంచి సైరన్ టవర్లున్నాయి. గంజాంతో సహా ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల పెట్టారు. సైరన్‌కి భాష అక్కర్లేదు గానీ అర్థం ముందే నేర్పి ఉండాలి. మోగితే ఏ దారిన ఏ షెల్టరుకి పోవాలో పల్లెలో నడిపించి చూపించకపోతే అది ఉత్త మోత.

పర్లాకిమిడి వైపు కొండ పల్లెలకి పైవేవీ సరిగ్గా పనిచేయవు. ఆటో ఎక్కదు, సిగ్నల్ ఉండదు, చాలాచోట్ల ఇంటి భాష సవర. తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని తాకాక గజపతి జిల్లా బరఘర దగ్గర గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. అక్కడ గాలి కంటే తర్వాతి వాన ప్రమాదం. "కొండ మొదట్లో ఉండొద్దు, గుహల్లో దాక్కోవద్దు, వాగు పక్క వద్దు, బడికి రండి" అని ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో ఇంటికెళ్ళి చెప్పడమే మేలు.

ఎండాకాలం వడగాలికి సైరన్లూ పెద్ద గొంతులూ అక్కర్లేదు. 1998లో ఎండదెబ్బకి ఒడిశాలో 2,000 మందికి పైగా చనిపోయారు. పొద్దున్నే 7 గంటలకి, మేస్త్రీలూ కూలీలూ పోగయ్యే కూడలిలో, ఏ వీధిలో చలివేంద్రం ఉందో చెప్పే చిన్న ప్రకటన చాలు.

గాలి తగ్గాక వచ్చే కబురుకి మొదటి కబురంత శ్రద్ధ కావాలి. తుఫాను కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారి ఆగిపోతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఆ కబురు అప్పుడు చేరదు కాబట్టి ముందురోజు ప్రకటనలోనే ఉండాలి: "గాలి ఆగినా, మేము చెప్పేదాకా బయటికి రావద్దు." తర్వాత మూడు మాటలు: తెగిన తీగలు ముట్టుకోవద్దు, నీళ్ళు మరిగించి తాగండి, క్లోరిన్ మాత్ర వేశాక 30 నిమిషాలు ఆగండి. మాత్రల బలం రకరకాలుగా ఉంటుంది కాబట్టి పంచుతున్న అట్ట మీద ఎన్ని లీటర్లకని రాసుందో చూసి, బిందెల లెక్కలోకి మార్చి చెప్పాలి. చనిపోయినవాళ్ళ సంఖ్య అడిగితే అంచనా చెప్పకూడదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ మేయరు జూలియాని ఆ ప్రశ్నకి అంకె ఇవ్వలేదు, మనం తట్టుకోలేనంత ఉంటుందని మాత్రం అన్నారు. కలెక్టరేటు ధ్రువీకరించిన అంకె, దాని గంట, మనవాళ్ళ ఆచూకీ కోసం జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077కి ఫోను చేయమన్న మాట, అంతవరకే. ఆ ప్రకటన వెళ్ళిన వెంటనే గ్రూపుల్లోంచి పాత తరలింపు మెసేజిలని తీసేయించి, ఆటోల్లోని పాత పెన్‌డ్రైవ్‌లు లెక్కపెట్టి తీసుకోవాలి.