క్లినిక్‌లో రెండు కంప్యూటర్లు, ఒక నాస్ పెట్టె: నాలుగున్నరేళ్లు వాడాక

మా ఆవిడ గైనకాలజిస్టు. నరసరావుపేటలో ఆమె క్లినిక్ కంప్యూటర్ల సంగతి 2018 నుంచీ నేనే చూసుకుంటున్నాను. 2020 ఆగస్టులో ఓ సోమవారం పొద్దున రిసెప్షన్‌లో ఉన్న ఒక్కగానొక్క సిస్టమ్ ఆన్ కాలేదు. హార్డ్ డిస్క్ పోయింది. "బ్యాకప్ రోజూ డి డ్రైవ్‌లో పడుతుంది సార్, భయం లేదు" అని సాఫ్ట్‌వేర్ పెట్టినతను చెప్పిన మాట మీద నిశ్చింతగా ఉన్నాను. సి అయినా డి అయినా ఉన్నది ఆ ఒక్క డిస్క్ మీదేనని అప్పుడు తెలిసొచ్చింది. రెండున్నరేళ్ల రికార్డులు పోయాయి.

ఆ వారమే ఏడో నెల గర్భిణి ఒకామె ఫైలు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. "నాది నెగటివ్ గ్రూపన్నారు కదమ్మా, ఈ నెల ఏదో సూది వెయ్యాలన్నారు" అంది. మా దగ్గర ఆమె పేరు కూడా లేదు. మా ఆవిడ ఆమెకి గ్రూపు పరీక్ష, ఐసీటీ (తల్లి రక్తంలో బిడ్డకి హాని చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) మళ్లీ చేయించి, అలాంటి యాంటీబాడీలు పుట్టకుండా నెగటివ్ గ్రూపు గర్భిణులకి వేసే యాంటీ-డి సూది వేసింది. ఆమె గుర్తుపెట్టుకుని చెప్పింది కాబట్టి సరిపోయింది. చెప్పలేని వాళ్లు ఎందరో వస్తారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

2021 జనవరిలో అంతా కొత్తగా పెట్టాం. ఒకే మోడల్ డెస్క్‌టాప్‌లు రెండు, సైనాలజీ డిఎస్220 ప్లస్ నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె), అందులో 4 టీబీ డిస్కులు రెండు, యూపీఎస్, బయట పెట్టుకునే హార్డ్ డిస్కులు రెండు. అన్నీ కలిపి సుమారు 1,35,000 రూపాయలైంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది రెండో కంప్యూటర్. అయితే దాన్ని అట్టపెట్టెలో దాచి ఉంచితే లాభం లేదు. లారీకి స్టెప్నీ ఉన్నా అందులో గాలి ఉందో లేదో దారిలో పంక్చరైనప్పుడు చూసుకుంటే ఏం ప్రయోజనం? అందుకే ఒక వారం ఒకటి, మరుసటి వారం రెండోది నడుపుతాం. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లి శనివారం రాత్రి బ్యాకప్‌ని రెండోదాంట్లోకి ఎక్కిస్తాను, సోమవారం దానిమీదే ఓపీ మొదలవుతుంది. ఇరవై నిమిషాల పని. బ్యాకప్ మళ్లీ తెరుచుకుంటుందా లేదా అన్న పరీక్ష వారం వారం అందులోనే అయిపోతుంది.

మొదటి ఆదివారమే ఇబ్బంది ఎదురైంది. మా క్లినిక్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక్క మెషీన్‌కే ముడిపడి ఉంది, రెండోదాంట్లో తెరుచుకోలేదు. రెండో లైసెన్సుకి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది. కొనేటప్పుడే రెండు మెషీన్లకూ కలిపి బేరం ఆడండి. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా డేటాబేస్ ఫైలుని అలాగే కాపీ చేస్తే అది సగం రాసిన ఫైలుగా మిగిలిపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉండే బ్యాకప్ బటన్‌తోనే తీయాలి. మాకది మధ్యాహ్నం 2 గంటలకీ రాత్రి 9కీ దానంతటదే జరుగుతుంది.

నాస్‌లో రెండు డిస్కులూ రెయిడ్ 1, అంటే ఒకదాంట్లో పడింది రెండోదాంట్లోనూ పడుతుంది. 2023లో ఒక డిస్క్ పోయింది. పెట్టె బీప్ బీప్‌మంది, నారింజ లైటు వెలిగింది. కొత్త డిస్క్ తెచ్చి పెట్టాం, పేషెంట్లకి ఆ సంగతే తెలియలేదు. కానీ దీన్ని బ్యాకప్ అనుకోకండి. కొత్తగా చేరిన అమ్మాయి పొరపాటున ఆ నెల స్కానింగ్ ఫోల్డర్ చెరిపేసింది. రెండు డిస్కుల్లోనూ ఒక్కసారే పోయింది. పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద, గర్భిణి స్కానింగ్‌కి నింపే ఫారం ఎఫ్ రికార్డులు 2 ఏళ్లు ఉంచాలి. సంతకం చేసిన కాగితాలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి, కానీ వాటితో పాటు ఉండాల్సిన స్కానింగ్ బొమ్మలు చెరిగిపోయిన ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. ముందురోజు స్నాప్‌షాట్ (ఫైళ్లు ఆ సమయానికి ఎలా ఉన్నాయో నాస్ దాచి ఉంచే ప్రతి) ఉండబట్టి అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాయి. పాపం ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది, తనని ఎవరూ ఏమీ అనలేదు.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాలై, రోజుల తరబడి ఓపీ పని చేతిరాతతో నడిచింది. అది చూసి ఒకటి మార్చాను. రిసెప్షన్ సిస్టమ్‌కి అలాంటి వైరస్ పడితే బ్యాకప్ దాకా రాకుండా, దానికి బ్యాకప్ ఫోల్డర్‌లో రాసే హక్కు తీసేశాను. ఇప్పుడు నాసే వచ్చి తీసుకుంటుంది. సైనాలజీలో ఉచితంగా వచ్చే ఆక్టివ్ బ్యాకప్ ఆ పని చేస్తుంది. మొత్తం కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు కొత్త ఎస్ఎస్‌డీలోకి ఎక్కించి చూశాను, పనిచేసింది.

బయటి డిస్కులు రెండూ శనివారం శనివారం మారతాయి. ఒకటి ఎప్పుడూ మా ఇంటి బీరువాలో ఉంటుంది, ఏ తీగా తగిలి ఉండదు. ఆడవాళ్ల వైద్య వివరాలు కాబట్టి బిట్‌లాకర్ (తాళం సంఖ్య లేనిదే డిస్క్ తెరుచుకోకుండా చేసే విండోస్ సౌకర్యం) తాళం తప్పనిసరి. దాన్ని పెట్టడానికి విండోస్ ప్రో కావాలి, హోమ్‌లో కుదరదు. తాళం సంఖ్య కాగితం మీద రాసి బ్యాంకు లాకర్‌లో పెట్టాం.

కరెంటు విషయం కూడా చెప్పాలి. ఎండాకాలం గాలివానలకి మా వీధిలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అది వేయకపోతే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. యూపీఎస్ నుంచి నాస్‌కి యూఎస్‌బీ తీగ కలిపాం. బ్యాటరీ అడుగంటుతుంటే నాస్ పద్ధతిగా దానంతటదే ఆగిపోతుంది. ఈ యూపీఎస్ బ్యాటరీ ఇప్పటికి ఒకసారి మార్చాం, వచ్చే మార్చిలోపు మళ్లీ మార్చాలి.