"1.33 అనామార్ఫిక్" అని అమ్ముతున్న ఆ ఫోన్ లెన్సు కొనకండి, అది అనామార్ఫిక్ కానే కాదు

ఫోన్‌తో లఘుచిత్రాలు తీసే మిత్రులందరికీ ఇది హెచ్చరిక. హైదరాబాద్‌లో మనలో చాలామంది క్లిప్పులు, మైకులు, గింబల్స్ కొనే ఆ దుకాణంలోనూ, వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనూ "1.33 అనామార్ఫిక్ సినిమా లెన్స్" అన్న పేరుతో 8,500 రూపాయలకు అమ్ముతున్న సరుకు దృశ్యాన్ని అడ్డంగా ఒక్క వెంట్రుకవాసి కూడా కుదించదు. అనామార్ఫిక్ లెన్సు పనే వెడల్పైన దృశ్యాన్ని అడ్డంగా కుదించి పట్టడం. దుకాణం పేరు నేను రాయడం లేదు, ఇప్పటికే అక్కడ కొన్నవారికి చెప్పనక్కరలేదు. కోపం చల్లారిన తరువాత నిదానంగా రాద్దామనుకున్నాను గానీ, ఈలోగా ఇంకొకరు డబ్బు కట్టి అదే పెట్టె ఇంటికి తీసుకువెళ్తారన్న ఆలోచన నన్ను ఆగనివ్వలేదు.

స్నేహితుడి లఘుచిత్రం కోసం కొన్నాను, రాత్రి సన్నివేశాలన్నీ దానితోనే తీశాము, ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు మోసం బయటపడింది. నేపథ్యం అంతే.

ఈ లెన్సు ఎందుకు కావాలో తెలియనివారి కోసం ఒక మాట. మన ఫోన్ తీసే వీడియో 16:9, అంటే ఎత్తుకు 1.78 రెట్ల వెడల్పు. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమాస్కోప్‌లో వచ్చిన నాటి నుంచీ తెలుగువారి కంటికి అలవాటైన వెడల్పు తెర అంతకన్నా చాలా ఎక్కువ, నేటి కొలతలో 2.39. పైనా కిందా నల్ల పట్టీలు వేసి ఆ ఆకారం తెప్పించవచ్చు గానీ, అప్పుడు 3840 బై 2160 పిక్సెళ్ళ దృశ్యంలో నిలువున సుమారు 1600 వరుసలే మిగిలి, తీసిన దానిలో నాలుగో వంతు వృథాగా పోతుంది. అసలైన అనామార్ఫిక్ లెన్సులో స్తంభాకారపు గాజులు ఉండి, అవి అడ్డంగా 1.33 రెట్లు ఎక్కువ దృశ్యాన్ని లోపలికి తీసుకొని, దాన్ని ఫోన్ కెమెరాలో దృశ్యాన్ని పట్టే అదే సెన్సర్ మీద ఇరికిస్తాయి. అందువల్ల తీసినప్పుడు మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. ఎడిటింగ్‌లో నిలువును 75 శాతానికి తగ్గించగానే అందరూ తమ ఆకారంలోకి వచ్చి, 1.78 కాస్తా 2.37 అవుతుంది. లైట్లు ఎదురైనప్పుడు అడ్డంగా సాగే నీలిగీత ఈ గాజుల వల్ల పుట్టే అదనపు ప్రభావం మాత్రమే. లెన్సు చేసే అసలు పని కుదింపు. 2015లో విడుదలైన టాంజరీన్ అనే అమెరికన్ చిత్రాన్ని ఐఫోన్ 5ఎస్‌కు ఇలాంటి 1.33 అడాప్టర్ బిగించి తీశారు. ఆ చిత్రం పేరునే ఈ దుకాణం వాళ్ళు తమ ప్రకటనలో పెద్ద అక్షరాలతో వాడుకుంటున్నారు.

కొనే రోజున యజమాని స్వయంగా లెన్సును నా ఫోన్‌కు బిగించి, తన ఫోన్ టార్చ్ వెలిగించి దాని ముందు అటూ ఇటూ ఆడించాడు. తెర ఈ చివర నుంచి ఆ చివర వరకు నీలిగీత అందంగా సాగింది. "చూసినవా తమ్మీ, పక్కా సినిమా లుక్" అన్నాడు. కొనుగోలుదారుల్లో నూటికి తొంభైమంది చూడాలనుకునేది ఆ గీతనే అని అతనికి బాగా తెలుసు, మోసం నిలబడినదంతా ఆ ఒక్క గీత మీదే. షూటింగ్ రాత్రి మోటార్ సైకిల్ హెడ్‌లైటు ఎదురుగా వచ్చినప్పుడు కూడా అదే గీత కనిపించింది కాబట్టి మా జట్టులో ఎవరికీ అనుమానం రాలేదు. వీధిలైటు వెలుతురులో ఫోన్ తెర మీద ముఖం కాస్త పొడుగ్గా ఉందో లేదో పసిగట్టడం కంటికి అంత తేలిక కాదు.

ఎడిటింగ్‌లో నిలువును 75 శాతానికి తగ్గించగానే నాయిక ముఖం బూరెలా ఉబ్బి వెడల్పైంది. ఆమె నుదుట గుండ్రంగా పెట్టిన ఎర్ర బొట్టు అడ్డంగా సాగి కోలగా మారింది. వెనక ఉన్న స్కూటర్ చక్రమూ అంతే. కుదింపే లేని దృశ్యాన్ని విప్పదీస్తే అలాగే అవుతుంది. ఇప్పుడు మాకు మిగిలిన మార్గం నల్ల పట్టీలు వేసి కోయడమే. అయితే ఆ రాత్రి ఫ్రేములన్నీ ఎత్తు కోయకుండానే పూర్తి వెడల్పు వస్తుందన్న లెక్కతో కూర్చినవి కనుక, పట్టీలు వేస్తే నిలబడి మాట్లాడిన ప్రతి షాట్‌లోనూ ఎవరిదో ఒకరి నుదురు తెగిపోతోంది. జీతం తీసుకోకుండా తెల్లవార్లూ నిలబడి నటించిన ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పవలసి రావడం నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది.

లెన్సు పట్టుకొని దుకాణానికి వెళ్ళాను. కుర్రవాడు మొదట, మీ ఫోన్ దానంతటదే వేరే కెమెరాకు మారిపోయి ఉంటుందన్నాడు. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లలో వెలుతురు తగ్గినప్పుడు అలా జరిగే మాట నిజమే. అందుకే నేను మెయిన్ కెమెరాను లాక్ చేసి, మిగతా కెమెరాల మీద నల్ల టేపు అంటించి, అతని కళ్ళ ముందే మళ్ళీ తీశాను. కౌంటర్ వెనక గోడకు గుండ్రటి గడియారం ఒకటి ఉంది. దాన్ని లెన్సు లేకుండా ఒకసారి, లెన్సుతో ఒకసారి తీసి రెండూ పక్కపక్కన చూపించాను. రెండింటిలోనూ అది ఒకేలా గుండ్రంగా ఉంది. తరువాత లెన్సును క్లిప్పులోనే పావు వంతు తిప్పాను. నిజమైన అనామార్ఫిక్ అయితే పొడుగ్గా ఉన్న గడియారం అడ్డంగా సాగాలి. ఇక్కడ గడియారం ఆకారం మారలేదు, అడ్డంగా ఉన్న నీలిగీత మాత్రం నిలువుగా మారింది.

అప్పుడు యజమాని వచ్చి, "గుండ్రంగ ఉన్న గడియారం గుండ్రంగ కనబడక ఇంకెట్ల కనబడాలె?" అని గట్టిగా అన్నాడు. కౌంటర్ దగ్గర నిలబడ్డ వాళ్ళంతా నవ్వారు. నేను మర్యాద తప్పకుండానే, "అన్నా, మీరు పెట్టె మీద 1.33 అని రాశారు, ఆ 1.33 ఎక్కడుందో ఒక్కసారి చూపించండి, నేను వెళ్ళిపోతాను" అన్నాను. అతను నా వైపు చూడకుండా అన్న మాట ఇది: "ఫోన్ల తీసేటోళ్ళకు గీత కనబడితె చాలు తమ్మీ. అసలుదే కావాలంటె పోయి ఆరీ కెమెరా కిరాయికి తెచ్చుకో." ఆరీ అంటే పెద్ద సినిమాలకు వాడే ఖరీదైన కెమెరా. అంటే ఇది అసలుది కాదని అతనికి తెలుసు. తెలియక అమ్మిన మనిషి అయితే నేను ఈ పోస్టు ఇంత ఘాటుగా రాసేవాడిని కాదు. తెలిసి అమ్మాడు, పట్టుబడిన తరువాత ఫోన్‌తో సినిమా తీసేవాళ్ళను నలుగురిలో చులకన చేశాడు. కెమెరా అద్దె భరించలేక, ఉన్న ఫోన్‌తోనే ఏదో ఒకటి తీయాలని రూపాయి రూపాయి కూడబెట్టుకున్న పిల్లలే అతని దుకాణం నడిపిస్తున్నారు. ఆ మాట అంటూనే అతను, బ్యాగు తగిలించుకొని అప్పుడే లోపలికి వచ్చిన ఒక అబ్బాయి వైపు తిరిగి, టార్చ్ వెలిగించి, అదే లెన్సు ముందు ఆడించడం మొదలుపెట్టాడు. నేను ఆ అబ్బాయికి విషయం చెప్పబోతే నన్ను బయటికి వెళ్ళమన్నారు. అతను కొన్నాడో లేదో నాకు తెలియదు. ఈ పోస్టు అతని కంట పడాలని నా కోరిక.

ఇంటికి వచ్చి లెన్సు ముందు గాజును ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టి చూశాను. గాజు మీద ఈ అంచు నుంచి ఆ అంచు వరకు వెంట్రుకలంత సన్నని గీతలు వరుసగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. నీలిగీతను పుట్టిస్తున్నవి అవే. ఇలాంటి గాజును స్ట్రీక్ ఫిల్టర్ అంటారు. ఆ పేరుతో, దానికి తగిన ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో నల్లటి రింగు బిగించి, పైన 1.33 అని చెక్కి అమ్మడమే మోసం.

కొనాలనుకునేవారు టార్చ్ వెలుగు చూసి డబ్బు కట్టకండి. దుకాణంలోనే గుండ్రటి వస్తువు ఏదైనా, పళ్ళెమో చేతి గాజో, ఎదురుగా పెట్టించి తీసి చూడండి. దాని ఎత్తు వెడల్పుకు 1.33 రెట్లు ఉండాలి, లెన్సు తిప్పితే ఆ సాగుడు కూడా తిరగాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి ఉచిత యాప్‌లో డీస్క్వీజ్ (కుదింపును విప్పే మీట) నొక్కితే ఆ వస్తువు మళ్ళీ గుండ్రం కావాలి. బిల్లు మీద "1.33 అనామార్ఫిక్" అన్న మాట తప్పక రాయించుకోండి, నా బిల్లు మీద "మొబైల్ యాక్సెసరీ" అని మాత్రమే ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సంభాషణ దాచి ఉంచాను కాబట్టి నాకు ఆధారం మిగిలింది.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో వాళ్ళకు హక్కు రాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువేదీ చెప్పనప్పుడు 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు నమోదు చేశాను. అదే లెన్సు ఇటీవల కొన్నవారు ఉంటే, ముందుగా పళ్ళెం పరీక్ష చేసి, ఆ వీడియో, బిల్లు దగ్గర ఉంచుకొని, 30 రోజులు దాటకముందే మీరూ ఫిర్యాదు చేయండి.