ఫ్రీ చేశాక మళ్ళీ ముట్టుకున్న పాయింటర్: అడ్రస్ శానిటైజర్ ఏళ్ళ తరబడి వాడాక

సి ప్రోగ్రాం నడుస్తుండగానే మెమరీ తప్పుల్ని పట్టిచ్చే కంపైలర్ సౌకర్యం అడ్రస్ శానిటైజర్. అందులో నాకు తెగ నచ్చిన సంగతి ఒక్కటే. ఫ్రీ చేసేసిన మెమరీని ప్రోగ్రాం మళ్ళీ ముట్టుకుంటే అది మూడు చోట్లు చూపిస్తుంది: ఇప్పుడు ముట్టుకున్న లైను, అంతకుముందు ఫ్రీ చేసిన లైను, మొట్టమొదట మాలాక్‌తో తెచ్చుకున్న లైను. సి నేర్చుకునేవాళ్ళకి ‘ఈ మెమరీ ఎవరిది, ఎవరు వదిలిపెట్టాలి’ అన్న ప్రశ్న అసలు తోచేదే ఆ మూడు లైన్లనీ పక్కపక్కన చూసినప్పుడు. క్లాంగ్ కంపైలర్‌లో 2012 నుంచీ, జీసీసీ కంపైలర్‌లో 2013 నుంచీ ఉన్న సౌకర్యమే ఇది. అయినా మొదటి ఏడాది సి పాఠంలో దీని పేరు ఇప్పటికీ పెద్దగా వినపడకపోవడం బాధగానే ఉంటుంది.

ఎలా ఆన్ చేయాలో అందరికీ తెలిసిందే, కాబట్టి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ‘-ఎఫ్‌శానిటైజ్=అడ్రస్,అన్‌డిఫైన్డ్’ అన్న ఫ్లాగ్ ఒక్కటే ఇస్తే చాలదు. పక్కన లైను నంబర్ల సమాచారం చేర్చే ‘-జి’ లేకపోతే లైను నంబర్ల బదులు హెక్స్ అడ్రసులు వస్తాయి, అవి చూసి ఎవరికైనా విసుగొస్తుంది. ‘-ఓ1’, ‘-ఎఫ్‌నో-ఒమిట్-ఫ్రేమ్-పాయింటర్’ కూడా కలిపితే వేగమూ ఫర్వాలేదు, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో ఆ వరుసా పూర్తిగా వస్తుంది. కంపైల్ కమాండ్‌లోనే కాదు, లింక్ చేసే కమాండ్‌లోనూ ఈ శానిటైజ్ ఫ్లాగ్ ఉండాలి. మేక్‌ఫైల్‌లో రెండింటినీ విడివిడిగా రాసుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇక నచ్చిన సంగతికి వస్తాను. లింక్డ్ లిస్ట్ మొత్తాన్ని వదిలించుకునే లూప్‌ని కొత్తవాళ్ళు దాదాపు అందరూ మొదట ఇలాగే రాస్తారు:

వైల్ (పి) {
  ఫ్రీ(పి);
  పి = పి->నెక్స్ట్;
}

చూడటానికి నిక్షేపంలా ఉంటుంది. నోడ్‌లో 32 అక్షరాల పేరు, దాని తర్వాత నెక్స్ట్ పాయింటర్ ఉన్నాయనుకుందాం. 64 బిట్ మెషీన్ మీద మొత్తం 40 బైట్లు. శానిటైజర్ లేకుండా నడిపితే ఈ ప్రోగ్రాం చక్కగా ముగుస్తుంది. వందసార్లు నడిపినా అంతే. లినక్స్‌లో వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సీ చిన్న ముక్కని ఫ్రీ చేయగానే వెంటనే సిస్టమ్‌కి తిరిగివ్వదు, తన ఖాళీ ముక్కల జాబితాలో కలుపుకుంటుంది. అందుకోసం ఆ ముక్కలోనే మహా అయితే మొదటి 16 బైట్లలో తన సొంత లెక్క రాసుకుంటుంది. మన నెక్స్ట్ పాయింటర్ ఉన్నది 32వ బైటు దగ్గర కదా, దాన్ని ఎవరూ చెరపలేదు. చచ్చిన నోడ్ నుంచి చదివినా సరైన విలువే వస్తుంది.

ఇప్పుడు అదే స్ట్రక్చర్‌లో నెక్స్ట్ పాయింటర్‌ని పేరుకి ముందు పెట్టి చూడండి. లూప్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఈసారి గ్లిబ్‌సీ రాసుకునే లెక్క సరిగ్గా నెక్స్ట్ మీదే పడుతుంది, ప్రోగ్రాం కుప్పకూలుతుంది. నేర్చుకునేవాడు ఏమనుకుంటాడు? ‘స్ట్రక్చర్‌లో వరుస మార్చాను, అందుకే చెడింది’ అనుకుని వరుసని వెనక్కి మార్చేస్తాడు. ప్రోగ్రాం మళ్ళీ పనిచేస్తుంది. తప్పు మాత్రం ఉన్నచోటే ఉంది, పైగా ఒక మూఢనమ్మకం కూడా పుట్టింది. సి నేర్చుకునే దారిలో చెడ్డ అలవాట్లు ఎక్కువగా ఇలాగే మొలుస్తాయి.

శానిటైజర్‌తో నడిపితే వరుస ఎలా ఉన్నా మొదటి చుట్టులోనే ఆగిపోతుంది. రిపోర్టులో పైనే ‘హీప్-యూజ్-ఆఫ్టర్-ఫ్రీ’ అని తప్పు పేరు. దాని కింద ‘రీడ్ ఆఫ్ సైజ్ 8’, అంటే 8 బైట్ల పాయింటర్‌ని చదవబోయిందని. తర్వాత ఆ అడ్రసు 40 బైట్ల ముక్కలో 32 బైట్ల లోపల ఉందని చెబుతుంది. స్ట్రక్చర్‌ని కాగితం మీద గీసుకుంటే 32 దగ్గర ఉన్నది నెక్స్ట్ అని ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ కింద ‘ఫ్రీడ్ బై’ అంటూ ఫ్రీ ఉన్న లైను, ‘ప్రీవియస్లీ అలొకేటెడ్ బై’ అంటూ మాలాక్ ఉన్న లైను. ముట్టుకున్న లైనూ ఫ్రీ చేసిన లైనూ పక్కపక్క నంబర్లని చూశాక ఇంకెవరూ వివరించనక్కర్లేదు. ముందు నెక్స్ట్‌ని వేరే పాయింటర్‌లో దాచుకోవాలి, తర్వాత ఫ్రీ చేయాలి, ఆ తర్వాత దాచుకున్నదానికి జరగాలి. ఒకసారి ఈ రిపోర్టు చదివి సరిచేసినవాళ్ళు ఆ లూప్‌ని తప్పుగా రాయడం తర్వాత నేను చూడలేదు.

రిపోర్టు ఎలా చదవాలో మాత్రం మొదటిరోజే చూపించాలి. చివర్లో హెక్స్ సంఖ్యల పట్టిక ఒకటి వస్తుంది, దాన్ని చూసే సగంమంది బెదిరిపోతారు. మొదట్లో దాని జోలికి వెళ్ళక్కర్లేదు. తప్పు పేరు, ప్రతి వరుసలో మన సొంత ఫైలు పేరు కనిపించే మొదటి లైను, ఈ రెండూ చాలు. సున్నా నంబరు లైన్లో తరచూ మాలాక్, ఫ్రీ, స్ట్రింగ్ కాపీ లాంటి లైబ్రరీ ఫంక్షన్ ఉంటుంది. అది మనది కాదు, దాని కిందిది చూడాలి. ఇంకొకటి, ఇది మామూలుగా మొదటి తప్పు దగ్గరే ఆపేస్తుంది. ఒకటి సరిచేసి, మళ్ళీ కంపైల్ చేసి, మళ్ళీ నడపాలి. ఇది చికాకు అనిపించినా నా దృష్టిలో మంచిదే, ఎందుకంటే మెమరీ ఒకసారి పాడయ్యాక వచ్చే రెండో ఎర్రర్, మూడో ఎర్రర్ చాలాసార్లు మొదటిదాని పిల్లలే.

స్ట్రింగ్ కాపీలో ఆఖరి సున్నాకి చోటు మర్చిపోవడం ఇలాంటిదే. పేరు పొడవు 10 అయితే 10 బైట్లే మాలాక్ చేసి 11 బైట్లు కాపీ చేస్తారు. గ్లిబ్‌సీ 10 అడిగితే లోపల వాడుకోదగ్గ 24 బైట్లు ఇస్తుంది, కాబట్టి ఏమీ అవదు. ఎప్పుడో ఒక రోజు సరిగ్గా 24 అక్షరాల పేరు వస్తుంది. 25వ బైటుగా పడిన సున్నా పక్క ముక్క సైజు రాసి ఉన్నచోట పడుతుంది. ప్రోగ్రాం ఎక్కడో దూరంగా, ఏ సంబంధమూ లేని ఫ్రీ దగ్గర చస్తుంది. శానిటైజర్ అయితే 10 అక్షరాల పేరుకే ‘10 బైట్ల ముక్క తర్వాత 0 బైట్ల దూరంలో’ అని పట్టేస్తుంది. ఆ ‘0 బైట్ల దూరం’ కనిపించిందంటే ‘ప్లస్ 1’ మర్చిపోయామేమోనని ముందు చూసుకోవాలి.

లోకల్ ఎర్రేల విషయంలోనూ ఇదే నమ్మకం. 10 పూర్ణాంకాల ఎర్రే మీద ‘ఐ <= 10’ అని లూప్ రాస్తే ఏ వేరియబుల్ హద్దు దాటిందో దాని పేరుతో, అది డిక్లేర్ చేసిన లైనుతో సహా చెబుతుంది. మెమరీ తప్పులు వెతికే ఇంకో సాధనం వాల్‌గ్రైండ్. అందులోని మెమ్‌చెక్ స్టాక్ మీది (అంటే లోకల్) ఎర్రేల హద్దుల్ని ఇలా పట్టదు.

ఇంతవరకూ బాగుంది. కొంతకాలం గడిచాక ఒక నమ్మకం అలవాటుగా మారుతుంది: ‘శానిటైజర్ ఏమీ అనలేదు, అంటే ప్రోగ్రాం సరైనదే.’ ఇది తప్పు. ఎంత తప్పో ఒక చిన్న స్ట్రక్చర్ చాలు చూపించడానికి.

పేరుకి 8 అక్షరాల ఎర్రే, దాని తర్వాత మార్కులకి ఒక ఇంట్. మొత్తం 12 బైట్లు. ముందు మార్కులు 91 అని చదివి, తర్వాత స్కాన్‌ఎఫ్‌లో ‘%ఎస్’తో పేరు చదివారు. ఇచ్చిన పేరు రామలక్ష్మి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఆర్ ఏ ఎం ఏ ఎల్ ఏ కె ఎస్ హెచ్ ఎం ఐ’, 11 అక్షరాలు. చివరి సున్నాతో 12 బైట్లు. స్ట్రక్చర్‌లో సరిగ్గా పట్టేసింది! పేరు ప్రింట్ చేస్తే రామలక్ష్మి అని పూర్తిగా వస్తుంది. మార్కులు ప్రింట్ చేస్తే 6909288. చివరి మూడు అక్షరాలు హెచ్, ఎం, ఐ, వాటి వెనక సున్నా, ఈ నాలుగు బైట్లూ మార్కుల ఇంట్ మీద పడి ఆ సంఖ్యగా కనిపిస్తున్నాయి. చదివే వరుస తిప్పి, ముందు పేరు, తర్వాత మార్కులు అడిగితే లక్షణం కూడా మారిపోతుంది. మార్కులు 91గానే ఉంటాయి, పేరు మాత్రం ‘ఎస్’ అక్షరం దాకా వచ్చి దాని తర్వాత చదరపు బ్రాకెట్‌తో ముగుస్తుంది. ఆస్కీలో 91 అంటే తెరిచే చదరపు బ్రాకెట్ మరి.

రెండు సందర్భాల్లోనూ అడ్రస్ శానిటైజర్ నోరు మెదపదు. అది కాపలా కాసేది ఒక వస్తువుకీ ఇంకో వస్తువుకీ మధ్య పెట్టిన నిషేధ ప్రాంతాన్ని. ఒకే స్ట్రక్చర్ లోపల ఒక ఫీల్డ్ నుంచి పక్క ఫీల్డ్‌లోకి జారితే దాని లెక్కలో అంతా ఒకే ఇల్లు. ఆ కంచెని ఒక్క గంతులో దాటేసి అవతలి వస్తువు మధ్యలో దిగినా అంతే, అది పట్టుకోలేదు. కాబట్టి ‘%7ఎస్’ అని వెడల్పు రాసే అలవాటు చేతికి రావాల్సిందే. అది రాశాక కూడా ఒక చిక్కుంది: మొదటి 7 అక్షరాలే తీసుకుని మిగిలిన నాలుగూ ఇన్‌పుట్‌లోనే ఉండిపోతాయి, తర్వాతి ‘%డి’ వాటిని చూసి ఏమీ చదవకుండా ఆగిపోతుంది. అందుకని స్కాన్‌ఎఫ్ తిరిగిచ్చే సంఖ్యని ప్రతిసారీ చూసుకోవాలి. లేదా ఎఫ్‌గెట్స్‌తో లైను మొత్తం చదివి అందులోంచి విడదీసుకోవాలి. నేను రెండోదే మంచిదంటాను.

విలువ ఇవ్వని వేరియబుల్‌ని చదివినా ఇది పట్టుకోదు. దానికి కంపైలర్‌కి ‘-డబ్ల్యూఆల్’ ఇస్తే వచ్చే హెచ్చరికలు, అవీ చాలకపోతే వాల్‌గ్రైండ్. ఒక చిన్న ఆనవాలు మాత్రం పనికొస్తుంది. శానిటైజర్ మాలాక్ ఇచ్చిన మెమరీని మొదట్లో కొంత మేర ‘బీఈ’ అన్న హెక్స్ బైటుతో నింపుతుంది. తెర మీద -1094795586 అన్న సంఖ్య కనిపించిందా, మాలాక్ చేసి విలువ ఇవ్వకుండా ఇంట్‌గా చదివేశారన్నమాట. ఆ సంఖ్య గుర్తుపెట్టుకుంటే గంటలు మిగులుతాయి.

పైన అంతగా మెచ్చుకున్న లింక్డ్ లిస్ట్ లూప్ గురించి కూడా ఒక మాట చేర్చాలి. జీసీసీ 12 నుంచి ‘-డబ్ల్యూఆల్’ పెడితే ఆ రెండు లైన్ల తప్పుకి కంపైలరే హెచ్చరిక ఇస్తుంది, నడపాల్సిన పని కూడా లేదు. ఫ్రీ చేయడం ఒక ఫైల్లో, ముట్టుకోవడం ఇంకో ఫైల్లో ఉన్నప్పుడు ఆ హెచ్చరిక రాదు, అప్పుడే శానిటైజర్ విలువ తెలుస్తుంది. అక్కడా ఒక హద్దుంది. ఫ్రీ చేసిన ముక్కల్ని మామూలుగా 256 ఎంబీ వరకే పక్కన పెట్టి ఉంచుతుంది, ఆ తర్వాత పాతవి మళ్ళీ వాడకానికి ఇచ్చేస్తుంది. గంటలకొద్దీ నడిచే ప్రోగ్రాంలో చాలా పాత పాయింటర్‌ని ముట్టుకుంటే తప్పించుకోవచ్చు.

అసలు ప్రోగ్రాం మొదలవకుండానే ‘అడ్రస్ శానిటైజర్: డెడ్లీ సిగ్నల్’ అని తెర నిండా ఆగకుండా వస్తూంటే మీ కోడ్‌ని తప్పుపట్టకండి. కొత్త లినక్స్ కెర్నల్, పాత కంపైలర్ కలిసినప్పుడు 2024లో ఇది చాలామందికి ఎదురైంది. ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కెర్నల్ అడ్రసుల్ని మరీ దూరం చెదరగొట్టడం వల్ల శానిటైజర్ తనకి కావాల్సిన చోటు దక్కించుకోలేకపోతుంది. ‘వీఎం.ఎమ్మాప్_ఆర్ఎన్‌డీ_బిట్స్’ విలువని సిస్‌కంట్రోల్‌తో 32 నుంచి 28కి తగ్గిస్తే సర్దుకుంటుంది, కంపైలర్ కొత్త వెర్షన్‌కి మారినా సరే. డీబగ్గర్ జీడీబీ కింద నడిపితే లీకుల తనిఖీ (ఫ్రీ చేయకుండా వదిలేసిన మెమరీని వెతకడం) పనిచేయదు, అప్పటికి శానిటైజర్ సెట్టింగుల్లో ‘డిటెక్ట్_లీక్స్=0’ అని పెట్టుకోవాలి.

మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఏళ్ళ తరబడి నడిచిన పాత కంపైలర్ టర్బో సి నుంచి వచ్చేవాళ్ళకి ఇదంతా కొత్తగా ఉంటుంది. అక్కడ ఇంట్ 16 బిట్లు, మెమరీకి కాపలా లేదు. నల్ అడ్రసులోకి రాసినా ప్రోగ్రాం పూర్తిగా నడిచి, ఆఖర్న ‘నల్ పాయింటర్ ఎసైన్‌మెంట్’ అని ఒక్క లైను వచ్చేది, అది కూడా చూసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు విండోస్ మీద కోడ్‌బ్లాక్స్‌తో వచ్చే మింగ్‌డబ్ల్యూలో జీసీసీ ఉంది కదా అని ఈ ఫ్లాగ్ ఇస్తే లైబ్రరీ దొరకలేదని లింకర్ ఎర్రర్ వస్తుంది. అలాంటివాళ్ళు విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు పెట్టుకోవడం తేలిక.

నా పని ఎక్కువగా 64 బిట్ లినక్స్ మీద, ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రాములతో. ఆ పరిస్థితిలో రెండింతల సమయం, కొన్ని రెట్ల మెమరీ నాకు బరువనిపించలేదు. థ్రెడ్ల మధ్య పోటీ తప్పులు వెతికేవాళ్ళకి థ్రెడ్ శానిటైజర్ వేరే ఉంది, రెండూ ఒకే బిల్డ్‌లో కలవవు. చిన్న మైక్రోకంట్రోలర్ మీద నేరుగా నేర్చుకునేవాళ్ళు అదే కోడ్‌లోని లెక్కల భాగాన్ని పీసీ మీద విడిగా కంపైల్ చేసి పరీక్షించుకోవాల్సిందే, బోర్డు మీద దీనికి చోటుండదు. 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ అయితే ఫ్రీ చేసిన ముక్కల్ని పక్కన పెట్టే ఆ 256 ఎంబీని ‘క్వారంటైన్_సైజ్_ఎంబీ=16’ అని తగ్గించి వాడండి. పట్టుకునే బలం కొంచెం తగ్గుతుంది, లిస్టులూ చెట్లూ రాసే దశకి మాత్రం అది సరిపోతుంది.