దారానికి కట్టిన రాయి లెక్క: నేల మీద నిలబడి చేయాలా, రాయితో పాటు తిరుగుతూ చేయాలా?

వృత్తాకార చలనం లెక్క మొదలుపెట్టే ముందే ఒకటి తేల్చుకోవాలి. రాయిని నేల మీద నిలబడి చూస్తున్నామా, రాయి మీద కూర్చుని చూస్తున్నామా? నేల మీద నుంచి చూస్తే కేంద్రం వైపు లాగే అభికేంద్ర బలం, రాయి మీద నుంచి చూస్తే బయటికి నెట్టినట్టు అనిపించే అపకేంద్ర బలం. జవాబు రెండింట్లోనూ ఒకటే వస్తుంది. తప్పులు మాత్రం ఒక్కో దారిలో ఒక్కో రకంగా వస్తాయి. ఎక్కువ లెక్కలకు నేల మీద నిలబడటమే మేలు. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

200 గ్రాముల రాయి, ఒక మీటరు దారం. రాయి అడ్డంగా వృత్తంలో తిరుగుతోంది, దారం నిలువు గీతతో 37 డిగ్రీలు వాలి ఉంది. సైన్ 0.6, కొసైన్ 0.8, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. నేల మీద నుంచి చూస్తే రాయి మీద ఉన్నవి రెండే బలాలు: దారం లాగే తన్యత, 2 న్యూటన్ల బరువు. బొమ్మలో మూడో బాణం గీశారంటే లెక్క అక్కడే పోయినట్టు. అభికేంద్ర బలం అనేది విడిగా ఉండే బలం కాదు, ఉన్న బలాలు కలిసి కేంద్రం వైపు మిగిల్చేదానికి పెట్టిన పేరు.

రాయి పైకీ కిందికీ కదలడం లేదు కాబట్టి తన్యత × 0.8 = 2. అంటే తన్యత 2.5 న్యూటన్లు. కేంద్రం వైపు మిగిలేది 2.5 × 0.6 = 1.5 న్యూటన్లు. వ్యాసార్ధం దారం పొడవు కాదు, 1 × 0.6 = 0.6 మీటర్లు (ఇక్కడ ఒకటి వేసేసేవాళ్లు చాలామంది). కేంద్రం వైపు బలం = ద్రవ్యరాశి × వేగవర్గం ÷ వ్యాసార్ధం, కాబట్టి వేగవర్గం = 1.5 × 0.6 ÷ 0.2 = 4.5. వేగం సెకనుకు సుమారు 2.12 మీటర్లు.

ఈ లెక్కలో అందరూ పడే గొయ్యి ఇంకొకటి ఉంది. మామూలు లోలకం అలవాటుతో బరువును దారం వెంట విడగొట్టి, తన్యత = 2 × 0.8 = 1.6 అని రాసేస్తారు. లోలకం ఒక చివరకు చేరి క్షణంపాటు ఆగినప్పుడు అది నిజం, ఎందుకంటే అప్పుడు దారం వెంట త్వరణం సున్నా. ఇక్కడ త్వరణం 1.5 ÷ 0.2 = 7.5, అదీ అడ్డంగా కేంద్రం వైపు. దానిలో దారం వెంట భాగం 7.5 × 0.6 = 4.5. దాన్ని 0.2తో గుణిస్తే 0.9 న్యూటన్లు. 1.6కి ఆ 0.9 కలిపితే మళ్లీ 2.5 వస్తుంది. కాబట్టి అక్షాలను దారం వెంట కాదు, త్వరణం ఉన్న దిక్కున పెట్టుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం తప్పులు పోతాయి.

ఇదే లెక్కను రాయితో పాటు తిరుగుతూ చేస్తే, రాయి కదలకుండా ఉన్నట్టే. బయటికి 1.5 న్యూటన్ల అపకేంద్ర బలం గీసి అన్నిటినీ సమతుల్యం చేస్తే సరిపోతుంది. తిరిగే బల్ల మీద దారంతో కట్టిన నాణెం ఘర్షణతో నిలిచి ఉన్నట్టి లెక్కల్లో ఇది హాయిగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే, బొమ్మలో లోపలికి అభికేంద్ర బాణం, బయటికి అపకేంద్ర బాణం రెండూ గీసి కొట్టివేసేవాళ్లు ఎక్కువ. పైగా ఆ తిరిగే చట్రంలో వస్తువు కదలడం మొదలుపెడితే దాన్ని పక్కకు నెట్టినట్టు కనిపించే కోరియాలిస్ బలం కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకో నష్టం: దారం తెగితే రాయి బయటికి, కేంద్రం నుంచి నేరుగా దూరంగా పోతుందన్న భ్రమ మనసులో నాటుకుంటుంది. మంచె మీద నుంచి వడిసెల విసిరే చేతికి అసలు సంగతి తెలుసు. రాయి స్పర్శరేఖ వెంట పోతుంది. అందుకే తాడు పిట్టల గుంపు వైపు చాచి ఉన్నప్పుడు కాదు, దానికి పావు చుట్టు ముందే కొస వదలాలి.

ఒకే దారానికి రెండు గుండ్లు ఉంటే వేగంతో కాదు, కోణీయ వేగంతో (సెకనుకు ఎంత కోణం తిరుగుతుందో దానితో) చేయండి. రెండింటికీ అది ఒకటే, వేగాలు మాత్రం వేరు. నున్నటి బల్ల మీద కేంద్రం నుంచి 0.5 మీటర్ల దూరంలో ఒకటి, 1 మీటరు దూరంలో ఒకటి, చెరి 200 గ్రాములు, కోణీయ వేగం సెకనుకు 4 రేడియన్లు అనుకుంటే బయటి దారంలో ద్రవ్యరాశి × కోణీయ వేగవర్గం × వ్యాసార్ధం, అంటే 0.2 × 16 × 1 = 3.2 న్యూటన్లు. లోపలి దారం రెండు గుండ్లనూ లాగాలి: 3.2 + 1.6 = 4.8.

నిలువు వృత్తంలో పోటీ వేరు: శక్తి నిత్యత్వమా, బలాల సమీకరణమా? శక్తి సమీకరణం త్వరగా వేగం ఇస్తుంది కానీ దారం సంగతి దానికి పట్టదు. అదే రాయి, 0.8 మీటర్ల దారం, అడుగున వేగం 6 అనుకోండి. పైకొస వరకు ఎత్తు 1.6 మీటర్లు. శక్తితో చూస్తే పైన వేగవర్గం 36 − 2 × 10 × 1.6 = 36 − 32 = 4, అంటే పైన వేగం 2. రాయి చుట్టు తిరిగినట్టే కనిపిస్తుంది. బలాలు రాసి చూడండి: పైన తన్యత = 0.2 × 4 ÷ 0.8 − 2 = −1 న్యూటన్. దారం లాగగలదు, నెట్టలేదు. కాబట్టి రాయి అసలు పైకొస చేరదు. సుమారు 1.47 మీటర్ల ఎత్తులోనే దారం వదులై, అక్కడి నుంచి రాయి ప్రక్షేపకంలా పోతుంది. చుట్టు పూర్తి కావాలంటే పైన వేగవర్గం కనీసం 10 × 0.8 = 8, అడుగున 8 + 32 = 40 ఉండాలి, అంటే సెకనుకు 6.32 మీటర్లు. అప్పుడు అడుగున తన్యత 2 + 10 = 12 న్యూటన్లు, బరువుకు ఆరు రెట్లు.

అందుకని ఇక్కడ ఒకదాన్నే ఎంచుకోవడం కుదరదు. శక్తితో వేగం, ఆ వేగంతో తన్యత, ఆ తన్యత గుర్తు చూడటం, ఇదే వరుస. ప్రశ్నలో దారం బదులు తేలికపాటి కడ్డీ ఉందేమో కూడా చూసుకోండి. కడ్డీ నెట్టగలదు కాబట్టి అడుగున 5.66 కన్నా కాస్త ఎక్కువ వేగం ఉన్నా చాలు. పైన ఆ −1 న్యూటన్ అప్పుడు తప్పు కాదు, కడ్డీ రాయిని పైకి నెట్టే బలం.