కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్: ముందున్నవాడిని అందుకోవాలంటే బ్రేక్ వేయాలి

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అంటే సొంతంగా రాకెట్లు కట్టి అంతరిక్షంలో నడిపే కంప్యూటర్ గేమ్. ఆడినవాళ్లు ఎక్కువగా పేలిపోయిన రాకెట్ల గురించే చెబుతారు. కెర్బల్స్ అనే ఆకుపచ్చ రంగు బుల్లి మనుషులు, లాంచ్‌ప్యాడ్ మీదే ఒరిగిపోయే రాకెట్లు, పడీపడీ నవ్వడాలు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఆ నవ్వు త్వరగానే పాతబడుతుంది. ఇన్నేళ్లయినా ఈ గేమ్ నా లాప్‌టాప్‌లో ఉండటానికి కారణం ఒకే ఒక్క పని. కక్ష్యలో తిరుగుతున్న ఒక నౌక దగ్గరికి ఇంకో నౌకను చేర్చడం. దీన్ని రాండెవూ అంటారు. మిగతా సంగతులు చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను.

పనులు ఒప్పుకుని డబ్బు సంపాదించుకుంటూ ఆడే కెరీర్ మోడ్‌లో కొంత దూరం వెళ్లాక ఒక రకం కాంట్రాక్టులు వస్తాయి. ఎవరో ఒక కెర్బల్ కక్ష్యలో ఇరుక్కుపోయి ఉంటాడు. కిందికి దిగే దారి అతనికి లేదు. మనం వెళ్లి తీసుకురావాలి. డబ్బులు బాగానే ఇస్తారు. అప్పటికే నేను ఈ గేమ్‌లోని చందమామ అయిన మున్ మీద దిగి వెనక్కి వచ్చాను. ఇక్కడే, నెత్తి మీద 100 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నవాడిని తీసుకురావడం ఎంత పని అనుకున్నాను.

రాకెట్ చక్కగా వెళ్లింది. అతను ఉన్న ఎత్తే, అతను తిరిగే దిశే. నాకంటే 40 కిలోమీటర్లు ముందున్నాడు. ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. ముక్కు అతని వైపు తిప్పి, ఇంజన్ వేసి, సెకనుకు పది మీటర్ల వేగం పెంచాను. మొదట్లో దూరం తగ్గుతున్నట్టే కనిపించింది. తర్వాత తగ్గడం ఆగింది. ఆ తర్వాత పెరగడం మొదలైంది. ఒక చుట్టు తిరిగి అక్కడికే వచ్చేసరికి 40 కాస్తా 100కి దగ్గరైంది. వేగం పెంచితే వెనకబడటమేమిటో ఒక పట్టాన అర్థం కాలేదు.

ఆ సమయంలో మా నాన్నగారు పక్కనే ఉన్నారు. ఆయన రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా రిటైరయ్యారు. ఏ బండి ఏ స్టేషన్ ఎన్నింటికి దాటుతుందో చార్టు మీద గీతలు గీసుకుంటూ, ఏ గూడ్సును ఏ లూప్ లైన్లో ఆపి ఏ ఎక్స్‌ప్రెస్‌ను వదలాలో తేల్చుకుంటూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. గేమ్‌లంటే ఆయనకు ఆసక్తి లేదు. స్క్రీన్ మీద రెండు వలయాలు చూసి అడిగారు:

“వాడు ఈ చోటికి మళ్లీ ఎంతసేపటికి వస్తాడు?”

“ముప్పై రెండున్నర నిమిషాలకు.”

“మరి నువ్వు?”

“ఇంకో అరనిమిషం ఎక్కువ పడుతుంది నాన్నా. వేగం పెంచాను కదా, నా చుట్టు పెద్దదైంది.”

“అయితే నువ్వు నీ టైము తగ్గించుకోవాలి గానీ, వాడి వెంట పరిగెత్తడం ఎందుకురా?”

విషయమంతా అదే. కక్ష్యలో ముందుకు తోస్తే నౌక ముందుకు పోవడం కాదు, కక్ష్యకు అవతలి వైపున్న అంచు పైకి లేస్తుంది. చుట్టు పెద్దదవుతుంది, పూర్తి కావడానికి ఎక్కువసేపు పడుతుంది. వెనక్కి తోస్తే అవతలి అంచు కిందికి దిగుతుంది. చుట్టు చిన్నదై త్వరగా పూర్తవుతుంది. ముందున్నవాడిని అందుకోవాలంటే బ్రేక్ వేయాలి. ఈ గేమ్‌లోని కెర్బిన్ గ్రహం చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు సుమారు 1,960 సెకన్లు పడితే, 80 కిలోమీటర్ల ఎత్తులో 1,875 చాలు. అంటే 20 కిలోమీటర్లు కిందికి దిగితే చుట్టుకు ఎనభై సెకన్లకు పైగా కలిసొస్తాయి. దూరంలో చెప్పాలంటే ఒక్కో చుట్టుకు దాదాపు 190 కిలోమీటర్లు.

నౌకను వెనక్కి తిప్పి బ్రేక్ వేశాను. సెకనుకు ముప్పై మీటర్లు కూడా తగ్గించలేదు. కక్ష్య అవతలి అంచు 79 కిలోమీటర్లకు దిగింది. 70 దగ్గర వాతావరణం మొదలవుతుంది కాబట్టి అక్కడ కాస్త టెన్షన్. మ్యాప్‌లో రెండు నౌకలూ అతి దగ్గరగా వచ్చే చోటును చూపించే గుర్తులు ఉంటాయి. వాటి మీద మౌస్ పెడితే దూరం కనిపిస్తుంది. బ్రేక్ వేస్తున్నకొద్దీ ఆ అంకె పడిపోతూ పోతూ చివరికి 1.2 కిలోమీటర్ల దగ్గర ఆగింది. ఇక చేయాల్సింది ఏమీ లేదు. ఒక చుట్టు తిరిగి రావడమే. గేమ్‌లో కాలాన్ని వేగంగా నడిపించే టైమ్ వార్ప్ పెట్టకుండా కూర్చున్నాను. నాన్నగారు కాఫీ తాగి వచ్చి, “ఇంకా రాలేదా?” అన్నారు, బండి లేటయినట్టు.

వచ్చింది. లెక్క చెప్పిన చోటికే, లెక్క చెప్పిన నిమిషానికే. నౌక దిశనూ వేగాన్నీ చూపించే నావ్‌బాల్‌ను, అతనితో పోల్చి చూపించే టార్గెట్ మోడ్‌కు మార్చి, ఇద్దరి మధ్యా ఉన్న వేగం తేడాను సున్నా చేశాను. ఆ తర్వాతే ముక్కు అతని వైపు తిప్పడం, మెల్లగా దగ్గరికి వెళ్లడం. ఇంత దగ్గరికి వచ్చాక మాత్రం ‘అతని వైపు తోస్తే అతని వైపు వెళ్తాం’ అనే మామూలు లోకజ్ఞానం పనిచేస్తుంది. దగ్గరలో ఒక న్యాయం, దూరంలో ఇంకో న్యాయం. అతన్ని క్యాబిన్లోంచి బయటికి రప్పించి, జెట్‌ప్యాక్‌తో మా నౌకలోని ఖాళీ సీటుకు చేర్చాను. ఏ షూటింగ్ గేమ్‌లో గెలిచినా ఇంత సంతోషం నాకు రాలేదు.

నాసా వాళ్లకూ మొదట్లో ఇదే జరిగిందని తర్వాత తెలిసింది. 1965 జూన్‌లో జెమిని 4 నౌకలో వెళ్లిన జిమ్ మెక్‌డివిట్, తమను కక్ష్యకు చేర్చి విడిపోయిన టైటాన్ రాకెట్ దశ దగ్గరికి వెళ్లాలని దాని వైపే తోశాడు. అది దూరం జరుగుతూ పోయింది. చాలా ఇంధనం ఖర్చయ్యాక ఆ ప్రయత్నం మానుకున్నారు. ఆ డిసెంబరు 15న జెమిని 6ఏ అనే నౌక జెమిని 7 నౌకకు దాదాపు ఒక అడుగు దూరం వరకు వెళ్లింది. ఆ మధ్య ఆరు నెలల్లో మారింది ఇంజన్ బలం కాదు, లెక్క. చంద్రుడి మీద రెండో మనిషిగా నడిచిన బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎంఐటీలో డాక్టరేట్ చేసింది కూడా ఈ రాండెవూ మీదే.

ఇప్పుడు, ఇది ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అనే మాట. అంతరిక్షం అంటే ఇష్టమున్నవాళ్లకు నచ్చుతుందని అందరూ చెప్పేస్తారు. నేను చూసినంతలో అది నిజం కాదు. నా స్నేహితుడొకడు శ్రీహరికోట నుంచి ఏ రాకెట్ ఎగిరినా లైవ్ వదలడు. పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీల సంగతులన్నీ నోటికి వచ్చు. వాడికి ఈ గేమ్ ఇస్తే రెండు సాయంత్రాల్లో మూసేశాడు. వాడికి కావాల్సింది ఆ మంట, ఆ శబ్దం, కౌంట్‌డౌన్. ఇందులో అవి పది నిమిషాల్లో అయిపోతాయి, మిగిలిందంతా ఎదురుచూపే.

చేతివేగం ఉన్నవాళ్లకు నచ్చుతుందా అంటే అదీ కాదు. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్‌లో షూటింగ్ గేమ్ ఆడితే వాడి బొటనవేళ్లు మన కంటికి ఆనవు. ఈ గేమ్ ముందు కూర్చుని కాసేపు చూసి, “మామయ్యా, ఇప్పుడు నేనేం నొక్కాలి?” అన్నాడు. ఏమీ నొక్కొద్దు, పన్నెండు నిమిషాలు ఆగాలి అన్నాను. లేచి వెళ్లిపోయాడు. వాడిని తప్పు పట్టను. వాడి ఆటలో తెలివంతా క్షణంలో చూపించాలి. ఇక్కడ అరగంట ముందే చూపించి, తర్వాత చేతులు కట్టుకోవాలి.

నచ్చేది టైంటేబుల్ మనుషులకు అని నా లెక్క. ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఎప్పుడు మొదలుపెడితే రెండూ ఒకేసారి పూర్తవుతాయి అని లోపల ఎప్పుడూ గడియారం నడిచేవాళ్లకు. వాళ్లకు ఈ గేమ్‌లోని నిశ్శబ్దం ఖాళీగా అనిపించదు. నాన్నగారు కీబోర్డు ముట్టుకోకపోయినా నాకంటే ముందే విషయం పట్టుకున్నది అందుకే. అయితే ఆయన ఆ తర్వాత ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు. “అర్థమైపోయాక మళ్లీ మళ్లీ ఎందుకురా?” అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పైగా నా లెక్కకు పూర్తిగా లొంగని మనుషులూ ఉన్నారు. మెక్‌జెబ్ అనే మాడ్ ఒకటి ఉంది, అంటే ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కు జోడించే అదనపు ప్రోగ్రామ్. రాండెవూ, డాకింగ్ (రెండు నౌకలను అతికించడం) అన్నీ అదే చేసి పెడుతుంది. దాన్ని వాడితే ఆడినట్టే కాదని చాలామంది వాదిస్తారు. నేనూ వాడను, నాకు మిగిలేదే ఆ లెక్క కనుక. కానీ గేమ్ మూసేసిన ఆ స్నేహితుడే మెక్‌జెబ్ వేసుకుని ఇప్పుడు పెద్ద స్పేస్ స్టేషన్ కట్టుకున్నాడు. నడపడం దానికి వదిలేసి, మాడ్యూళ్లు ఒక్కొక్కటీ వచ్చి అతుక్కుంటుంటే చూస్తాడు. వాడి ఆనందం వాడిది.

రాండెవూ తెలిశాక బయటి వార్తలు చదివే తీరు కూడా మారింది. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మోసుకెళ్లిన, ఇస్రో డాకింగ్ ప్రయోగమైన స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ చెరో 220 కిలోలు. డాకింగ్ వాయిదా పడుతూ, జనవరి 12న మూడు మీటర్ల దగ్గరికి వచ్చి మళ్లీ వెనక్కి జరిగాయి. మా ఆఫీసు గ్రూపులో “అంత దగ్గరికి వెళ్లి వెనక్కి రావడమేంటి?” అని ఒకటే మెసేజ్‌లు. నాకు మాత్రం, అంత దగ్గర్లో ఆగి, సరిచూసుకుని, సురక్షితంగా వెనక్కి రాగలగడమే అసలు పనితనం అనిపించింది. జనవరి 16న అవి కలిశాయి. ఈ గేమ్ ఆడకపోయి ఉంటే నేనూ ఆ మెసేజ్‌ల్లో ఒకటి పెట్టేవాడినే.

అలాగని ఇది భౌతికశాస్త్రం పాఠం అనుకోవద్దు. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, మన భూమిలో పదో వంతు కూడా కాదు. అందుకే అక్కడ కక్ష్యలో తిరగడానికి సెకనుకు రెండుంపావు కిలోమీటర్ల వేగం చాలు. ఇక్కడైతే ఏడున్నరకు పైనే కావాలి. ఇంకో పెద్ద సర్దుబాటు కూడా ఉంది. ఏ సమయంలోనైనా ఒక్క గోళమే నౌకను లాగుతుంది. మున్ పరిధిలోకి వెళ్లగానే కెర్బిన్ ఆకర్షణ మాయం. కాబట్టి ఆదిత్య-ఎల్1ను ఉంచిన లాగ్రాంజ్ బిందువు లాంటివి, అంటే రెండు గోళాల ఆకర్షణ కలిసి పనిచేస్తేనే ఏర్పడే చోట్లు, ఇందులో లేవు. దానికి ప్రిన్సిపియా అనే మాడ్ వేసుకోవాలి. అది నాకు ఎక్కలేదు.

లెక్క ప్రకారమే అంతా జరుగుతుందన్న మాటకూ ఒక మినహాయింపు ఉంది. పెద్ద నిర్మాణాలు ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా వణకడం మొదలుపెట్టి ముక్కలవుతాయి. ఆటగాళ్లు దీనికి క్రాకెన్ అని పేరు పెట్టుకున్నారు. అది వచ్చినప్పుడు లెక్కాలేదు పత్రమూ లేదు, ముందే క్విక్‌సేవ్ చేసి ఉంటే ఎఫ్9 నొక్కి అక్కడికి వెనక్కి వెళ్లడమే. నా పాత లాప్‌టాప్‌లోనైతే రెండు పెద్ద నౌకలు దగ్గరికి రాగానే పైనున్న గడియారం ఆకుపచ్చ నుంచి పసుపుకు మారి అంతా స్లోమోషన్లో నడుస్తుంది. డాకింగ్‌కు అది ఒకరకంగా మంచిదే అని సర్దుకున్నాను.

గేమ్‌లోని ట్యుటోరియల్స్ సరిపోవు. బయటి వీడియోలు చూడక తప్పదు, అవి దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి.

మరి కొనాలా? నా పరిస్థితి వేరు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక గంటా గంటన్నర తీరిక దొరుకుతుంది. ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసి లేవొచ్చు, అవతల ఏ జట్టూ నాకోసం ఆగి ఉండదు. స్నేహితులతో మాట్లాడుకుంటూ ఆడటం ఇష్టమైతే ఇది వద్దు. పది నిమిషాల చొప్పున ముక్కలు ముక్కలుగా ఆడేవాళ్లకూ వద్దు, అంతలో ఒక చుట్టు కూడా పూర్తి కాదు. ట్రైన్ టికెట్ బుక్ చేస్తూ కనెక్షన్ కోసం మూడు దారులు వెతికి, అందులో సరదా పడే మనిషైతే ఒకసారి చూడొచ్చు. కొంటే మొదటి భాగమే కొనండి, 2015లో పూర్తి రూపంలో వచ్చినది, అదీ డిస్కౌంట్ ఉన్నప్పుడు. 2023లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తి కాకముందే అమ్మకానికి వచ్చిన రెండో భాగానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, దాని జోలికి నేను వెళ్లలేదు.