బట్ట మీద ఫొటో: సయనోటైప్ మేలా, వాన్ డైక్ మేలా?

మందు పూసిన బట్ట మీద ఎండతో ఫొటో అచ్చు వేసే పద్ధతులివి: సయనోటైప్‌లో బొమ్మ నీలంగా వస్తుంది, వాన్ డైక్ బ్రౌన్‌లో గోధుమ రంగులో. వరంగల్‌లో ఎండకేం కరువు లేదు కాబట్టి రెండూ డాబా మీదే చేసుకోవచ్చు. తేడా అంతా ఖర్చులో, నీళ్లలో, ఆ బట్టను తర్వాత ఏం చేస్తామన్నదాంట్లో ఉంది.

సయనోటైప్‌ను 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా నీళ్లలో కరిగించి, సమానంగా కలిపి, మసక గదిలో బట్టకు పట్టించి ఆరబెట్టాలి. జిరాక్స్ షాపులో ప్లాస్టిక్ షీటు మీద తీయించిన నెగటివ్‌ను దాని మీద పరిచి, అద్దంతో అదిమి ఎండలో పెట్టాలి. పసుపుపచ్చ పూత ముందు నీలంగా, తర్వాత బూడిద రంగులోకి తిరుగుతుంది. అప్పుడు నీళ్లలో ముంచితే పచ్చటి రసం కారిపోయి నీలం బొమ్మ మిగులుతుంది. ఆరేకొద్దీ ఇంకా ముదురుతుంది.

దీనికి పడనిది క్షారం. మామూలు డిటర్జెంట్‌తో ఉతికితే పాలిపోతుంది, వాషింగ్ సోడా తగిలిందా, పసుపు మరకే మిగులుతుంది. కడిగే నీళ్లలో క్షారం ఎక్కువుంటే కాస్త వెనిగర్ కలపడం మంచిది.

వాన్ డైక్ బ్రౌన్‌లో సిల్వర్ నైట్రేట్ పడుతుంది. జేబుకు బరువే. పైగా చేతికి అంటితే నల్ల మచ్చ రోజుల తరబడి వదలదు, గ్లోవ్స్ తప్పనిసరి. కుళాయి నీళ్లతో కలిపితే అందులోని క్లోరైడ్‌కు మందు పాలలా విరుగుతుంది, డిస్టిల్డ్ వాటరే వాడాలి. కడిగాక పలచటి హైపోలో, అంటే బొమ్మను నిలబెట్టే ఫొటో మందులో, ముంచాలి. ఘాటు ఎక్కువైతే బొమ్మే ఎగిరిపోతుంది. ఇంత తతంగం ఎందుకంటే, ఆ చాక్లెట్ రంగు కోసం. తాతమ్మ పాత ఫొటో నీలంలో చూస్తే ఎవరో వేరే మనిషిలా ఉంటుంది, గోధుమ రంగులో మన ఇంటి మనిషే.

అందుకే గోడకు పెట్టే ముఖాలకు వాన్ డైక్, ఆకులు, పూలు, వేయి స్తంభాల గుడి చెక్కడాల లాంటి వాటికి సయనోటైప్ అంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం సయనోటైప్‌తోనే వెళ్లాలి. చెడినా పోయేది ఒక గుడ్డ ముక్క.

బట్ట ఏదైనా ముందు గంజి పోయేలా ఉతకాలి, లేకపోతే మందు లోపలికి దిగదు. సన్నటి నూలు బట్ట బాగా పట్టుకుంటుంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మన వరంగల్ దర్రీ (జంపఖానా) మీద వేద్దామని సరదా పడేవాళ్లకు ఒకటే మాట: నేత మోటుగా ఉంటుంది, కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. కళాతోరణం లాంటి పెద్ద ఆకారమైతే దర్జాగా నిలబడుతుంది.